పసుపు వైరు, నల్ల వైరు

పద్దెనిమిది వేలు. 2009 ఎండాకాలంలో కంప్యూటర్ కోసం మా ఇంట్లో పోగైన మొత్తం అది. అందులో పది వేలు అమ్మ పాడిన చీటీ. ఐదు వేలు నేను డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతూ సాయంత్రాలు నెట్ సెంటర్లో కూర్చుని దాచుకున్నవి. మిగతా మూడు వేలు గుడివాడ మావయ్య ఉగాదికి వచ్చినప్పుడు "వాడు కంప్యూటర్స్ చదువుతున్నాడు కదక్కా, ఉంచు" అని అమ్మ చేతిలో పెట్టి వెళ్లినవి. పైకి చెప్పిన కారణం చదువే, సీ ప్రోగ్రాములు, రికార్డులు, ప్రాజెక్టు, అదేమీ అబద్ధం కాదు, కానీ నాకు కావాల్సింది గేములు ఆడే సిస్టమ్ అని ఇంట్లో అందరికీ తెలుసు, నాన్నకి కూడా.

మేం అప్పుడు కృష్ణలంకలో, రాణిగారి తోట వైపు, ఏటికి దగ్గర్లో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నాన్న ఆటోనగర్‌లో లారీలకి వైరింగ్ చేసేవాడు. బాడీ కట్టడానికి కొత్త ఛాసిస్ షెడ్డుకి వచ్చిందంటే వడ్రంగులు, వెల్డింగ్ వాళ్లు, పెయింటర్లు ఒకరి తర్వాత ఒకరు దాని మీద పడతారు. హెడ్‌లైట్ దగ్గర్నుంచి వెనక ఇండికేటర్ దాకా వైరు లాగి, టేపు చుట్టి, క్యాబిన్‌లో దేవుడి పటం చుట్టూ రంగు బల్బులు వెలిగించే పని నాన్నది. చదివింది ఏడో తరగతి. కానీ వోల్టు, ఆంపియరు, ఎర్తు అనే మాటలు మా ఇంట్లో అన్నం, పప్పు అన్నంత మామూలుగా వినపడేవి.

నెట్ సెంటర్ సత్యనారాయణపురంలో. గంటకి పదిహేను రూపాయలు. పన్నెండు సిస్టమ్‌లు ఉంటే లోపలి వరసలో నాలుగింటికి మాత్రమే గేముల బొమ్మని వేగంగా గీసే గ్రాఫిక్స్ కార్డులు ఉండేవి, ఆ నాలుగింటి కోసం ఆదివారం పొద్దున్నే పిల్లలు మెట్ల మీద కూర్చుని ఎదురుచూసేవాళ్లు. ఆడేవి కౌంటర్ స్ట్రైక్, వైస్ సిటీ, క్రికెట్ 07, మోస్ట్ వాంటెడ్ అనే కార్ల రేసు. మూడేళ్లు నేనూ ఆ మెట్ల మీదే కూర్చున్నాను. తర్వాత అక్కడే పనికి కుదిరాక, షట్టర్ దించేశాక ఒక అరగంట ఆ సెంటర్ నడిపే అన్న నన్ను ఆడుకోనిచ్చేవాడు. ఆ అన్న దగ్గరే నేర్చుకున్నాను సిస్టమ్ విప్పడం, బిగించడం. డిస్‌ప్లే రాకపోతే ముందు ర్యామ్ తీసి దాని బంగారు రంగు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్దు, తర్వాత మిగతా సంగతి చూద్దాం, అనేవాడు. పదిలో ఆరుసార్లు దాంతోనే వచ్చేసేది.

ఇక పద్దెనిమిది వేల లెక్క. ఒక పాత లాంగ్‌బుక్ వెనక పేజీల్లో నాలుగు నెలలు అదే రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను. ఏలూరు రోడ్డులో పాత పుస్తకాలమ్మే చోట ఇంగ్లీషు కంప్యూటర్ మ్యాగజైన్లు పది రూపాయలకి దొరికేవి, అందులో వెనక పేజీల్లో ధరలు ఉండేవి, అవి చూసి లెక్క వేసి తీరా గవర్నర్‌పేట వెళ్లి అడిగితే ఒక్కోటి మూడొందలు, ఐదొందలు ఎక్కువ చెప్పేవాళ్లు. పైగా షాపుల్లో ఎవరిని అడిగినా పెద్ద ప్రాసెసర్ తీసుకో తమ్ముడూ, గ్రాఫిక్స్ మదర్‌బోర్డులోనే ఉంటుంది కదా, విడిగా కార్డు ఎందుకు దండగ అనేవాళ్లు. ఆ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినలేదు. నెట్ సెంటర్లో కళ్లతో చూశాను కదా. ప్రాసెసర్ పాతదే అయినా కార్డున్న సిస్టమ్‌లో మోస్ట్ వాంటెడ్ పరిగెత్తేది, కొత్త ప్రాసెసర్ ఉండి కార్డు లేనిదాంట్లో బొమ్మ ముక్కలు ముక్కలుగా కదిలేది. తక్కువ డబ్బులున్నప్పుడు ముందు కార్డుకి పక్కన పెట్టి, మిగిలిందాంట్లో మిగతావి సర్దుకోవాలి. ఇవాళ ఎవరైనా నన్నడిగినా ఇదే చెప్తాను, ఒక్క షరతు కలిపి. ఆ షరతు నాకు ఆ తర్వాత తెలిసింది.

కార్డు విషయంలో 9600 జీటీ మీద మనసుండేది. కానీ దానికి ఎస్ఎంపీఎస్ నుంచి, అంటే గోడ కరెంటుని మార్చి సిస్టమ్‌లో అన్నిటికీ ఇచ్చే డబ్బా నుంచి, విడిగా ఆరు పిన్నుల వైరు ఇవ్వాలి. క్యాబినెట్‌తో పాటు వచ్చే మామూలు ఎస్ఎంపీఎస్‌లకి ఆ వైరు ఉండదు. అంటే ఎస్ఎంపీఎస్ కూడా వేరేది కొనాలి, డబ్బుల్లేవు. రేడియన్ హెచ్‌డీ 4670 అని అంతకు ముందు సంవత్సరం సెప్టెంబరులో వచ్చింది, దానికి విడిగా వైరే అక్కర్లేదు, స్లాట్‌లో నుంచే కరెంటు తీసుకుంటుంది. నాకది దేవుడిచ్చిన వరంలా అనిపించింది. విడిగా వైరు వద్దంటే కరెంటు తక్కువ చాలు, కాబట్టి ఏ ఎస్ఎంపీఎస్ అయినా సరిపోతుంది అనుకున్నాను. నా లెక్కంతటిలో సరి చూసుకోని లైను అదొక్కటే.

చివరికి లాంగ్‌బుక్‌లో మిగిలిన లెక్క ఇది, నాకిప్పటికీ కంఠతా వచ్చు. ప్రాసెసర్ పెంటియం డ్యుయల్ కోర్ ఈ5200, 3,400. జీ31 బోర్డు 2,450. రెండు జీబీ ర్యామ్ 1,250. 320 జీబీ హార్డ్ డిస్క్ 2,200. కార్డు 4,700. డీవీడీ రైటర్ 1,050. కీబోర్డు, మౌస్ కలిపి 450. పాత పదిహేడు అంగుళాల డబ్బా మానిటర్, ఒక ఆఫీసు వాళ్లు తీసేస్తుంటే నెట్ సెంటర్ అన్న మాట్లాడి ఇప్పించింది, 1,300. క్యాబినెట్, దాంతో పాటు "450 వాట్స్" అని స్టిక్కర్ ఉన్న ఎస్ఎంపీఎస్, 1,150. మొత్తం 17,950.

ఆ ధరలకి బెజవాడలో దొరకవు. క్యాబినెట్, కీబోర్డు లాంటివి ఇక్కడే తీసుకుని, ఖరీదైన వాటికి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాలి, అందరూ సీటీసీ అంటారు. శాతవాహన ఎక్స్‌ప్రెస్ దానికోసమే వేశారా అన్నట్టు ఉండేది. పొద్దున్నే ఆరు గంటలప్పుడు బెజవాడలో ఎక్కితే మధ్యాహ్నానికి సికింద్రాబాద్, సాయంత్రం మళ్లీ అదే బండి ఎక్కితే రాత్రికి ఇంట్లో. మధ్యలో దొరికేది నాలుగు గంటలు. అమ్మ డబ్బుల్ని రుమాల్లో చుట్టి లోపలి బనీను జేబులో పెట్టి, పైన పిన్నీసు పెట్టింది. ఖమ్మం, వరంగల్, కాజీపేట, ప్రతి స్టేషన్లోనూ చెయ్యి ఆ పిన్నీసు మీదకే పోయింది.

సీటీసీ లోపల ఆ ఇరుకు, ఆ గోల, మెట్ల మీద కూడా డబ్బాలు. ఒక్కో షాపులో అడగడం, రాసుకోవడం, పక్క షాపుకి పోవడం. ఒకాయన "బిల్లు కావాల్నా తమ్మీ, వద్దా? వద్దంటే రెండొందలు తక్కువైతది" అన్నాడు. బిల్లు కావాలి అన్నాను. వారంటీ కోసమని కాదు, అమ్మకి చూపించాలి. కార్డు డబ్బా చేతికిచ్చినప్పుడు సీలు మీద వేలు పెట్టి రెండుసార్లు తడిమాను. తిరుగు ప్రయాణంలో బ్యాగు పైన పెట్టమని పక్కాయన ఎంత చెప్పినా పెట్టలేదు, ఒళ్లోనే పెట్టుకుని వచ్చాను. డోర్నకల్ దాటాక కరెంటు లేని ఊళ్లు చీకట్లో వెళ్లిపోతుంటే, ఒళ్లో ఉన్న బ్యాగు బరువు మోకాళ్లకి తెలుస్తూ ఉండటం, అదొక సుఖం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే ముందు గదిలో చాప పరిచి, దాని మీద అమ్మ పాత నూలు చీర పరిచి అన్నీ పేర్చుకున్నాను. బోర్డు కవరు చించగానే వచ్చే కొత్త వాసన, కొంచెం లక్క, కొంచెం ప్లాస్టిక్, అది చాలాసేపు పీల్చుకున్నాను. ఆ ప్రాసెసర్లకి కింద పిన్నులుండవు, బోర్డు మీద సాకెట్లో 775 ఉంటాయి, తలవెంట్రుకల కంటే కాస్త లావు. ఒక్కటి వంగినా 2,450 పోయినట్టే. ఊపిరి బిగబట్టి పెట్టాను. దాని మీద ఫ్యాను కూర్చోబెట్టడం ఇంకో పరీక్ష. నాలుగు మూలలా నాలుగు తెల్లటి ప్లాస్టిక్ పిన్నులు, ఎదురెదురువి నొక్కాలి, టక్ మని వినపడేదాకా నొక్కాలి, నొక్కుతుంటే బోర్డు విల్లులా వంగుతుంది. "విరుగుతుందేమోరా" అని అమ్మ వెనక్కి వెళ్లిపోయింది. నాలుగో టక్ అయ్యేసరికి చెమటతో చొక్కా తడిసిపోయింది. మే నెల బెజవాడ కదా, బయట నలభై నాలుగు, రేకుల ఇంట్లో ఇంకా ఎక్కువ, ఆ పని చేస్తున్నంతసేపూ దుమ్ము పడుతుందని ఫ్యాను కూడా ఆపేశాను.

పవర్ బటన్, రీసెట్, లైట్లు, వాటి వైర్లు చిన్న చిన్నవి ఎక్కడ గుచ్చాలో మాన్యువల్ చూసి గుచ్చాను. కార్డుకి ఉన్న పోర్టు వేరు, పాత మానిటర్ కేబుల్ వేరు, దానికి కార్డు డబ్బాలోనే చిన్న కన్వర్టర్ వచ్చింది. స్విచ్ వేశాను. ఒక్క బీప్. ఆ బీప్ కోసం నాలుగు నెలలు. నాన్న అప్పుడే భోజనానికి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాడు, "వచ్చిందా?" అన్నాడు. వచ్చింది నాన్నా.

రెండు రోజులు. సరిగ్గా రెండు రోజులు ఆనందంగా గడిచాయి, విండోస్ వేసి, డ్రైవర్లు వేసి, నెట్ సెంటర్ అన్న ఇచ్చిన గేములన్నీ కాపీ చేసుకుని. మూడో రోజు మోస్ట్ వాంటెడ్‌లో సెట్టింగ్స్ అన్నీ పైకి పెట్టి రేసు మొదలుపెట్టాను. రెండు నిమిషాలు అయిందో లేదో స్క్రీన్ నల్లబడింది, ఫ్యాను శబ్దం ఒక్కసారి సన్నగిల్లి మళ్లీ లేచింది, బీప్. రీస్టార్ట్. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ అంతే. సినిమా పెడితే ఏమీ కాదు. టైపింగ్ చేస్తే ఏమీ కాదు. గేము పెడితే మాత్రం రెండు నిమిషాలు, మహా అయితే నాలుగు.

అందరూ చెప్పిన మాట వేడి. ఈ ఎండల్లో కార్డు కాలిపోతోందిరా అన్నారు. సైడు డోరు తీసేసి టేబుల్ ఫ్యాను దాని ముఖానికి పెట్టాను. ఆ డోరు చూసి నాన్న "దీనికి గాలి ఎటు నుంచి వస్తుంది?" అన్నాడు, రావట్లేదు అన్నాను. మర్నాడు ఆ రేకు డోరుని టీవీఎస్ ఫిఫ్టీ వెనక కట్టుకుని షెడ్డుకి తీసుకెళ్లాడు. సాయంత్రం తెచ్చేసరికి దాని మీద గుండ్రంగా పెద్ద రంధ్రం, 120 ఎంఎం ఫ్యానుకి సరిగ్గా సరిపోయేలా. చుట్టూ డ్రిల్లుతో చుక్కలు చుక్కలుగా తొలిచి, మధ్య ముక్క తీసేసి, ఆకురాయితో అరగదీశాడట. అంతటితో ఆగలేదు, ఆ అంచు చెయ్యి కోస్తుందని లారీ డోర్లకి వాడే నల్ల రబ్బరు బీడింగ్ చుట్టూ తొడిగాడు. ఆ బీడింగ్ ఎంత నీటుగా ఉందంటే, కంపెనీ నుంచే అలా వచ్చిందా అని తర్వాత చాలామంది అడిగారు. నూటయాభై పెట్టి ఫ్యాను తెచ్చి బిగించాం. లోపల చల్లగా అయింది. రీస్టార్ట్ మాత్రం ఆగలేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ఆ చల్లటి వేళ కూడా ఆడి చూశాను. మూడు నిమిషాలు.

విండోస్ మూడుసార్లు ఫార్మాట్ చేశాను. ర్యామ్ రబ్బరుతో రుద్దాను. క్యాబినెట్ కొన్న షాపుకి మోసుకెళ్తే, అక్కడున్నతను పది నిమిషాలు చూసి కార్డు పోయింది అన్నాడు. 4,700. ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాను. అమ్మ ఏమీ అనలేదు, ఆ అనకపోవడమే ఎక్కువ బాధ అనిపించింది, అది పది నెలల చీటీ.

ఆ రాత్రి భోజనాలయ్యాక నాన్న వచ్చి క్యాబినెట్ పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. లోపలికి టార్చి వేసి చూస్తూ, "ఈ రంగు రంగుల వైర్లేంట్రా?" అన్నాడు. అప్పటిదాకా ఆయన్ని కంప్యూటర్ సంగతి అడగాలని నాకు తట్టనే లేదు. చెప్పాను, నల్లవన్నీ ఎర్తు, ఎర్రది అయిదు వోల్టులు, నారింజ రంగుది మూడు పాయింట్ మూడు, పసుపుది పన్నెండు.

"పన్నెండా?" అన్నాడు. "పన్నెండు వోల్టులు డీసీయేనా?"

"ఆ."

"మరి ఇన్నాళ్లూ చెప్పవేంరా. పన్నెండంటే నా పనే కదా."

లేచి వెళ్లి టీవీఎస్ బ్యాగులోంచి మీటరు తెచ్చాడు. పసుపు రంగు మల్టీమీటరు, దాని ముఖం మీద గ్రీజు వేలిముద్రలు. హార్డ్ డిస్కుల కోసం వదిలేసిన నాలుగు పిన్నుల కనెక్టర్ ఒకటి ఖాళీగా వేలాడుతోంది, దాంట్లో పసుపు వైరు పిన్నులో ఎర్ర సూది, నల్ల వైరు పిన్నులో నల్ల సూది గుచ్చి, "ఇప్పుడు నీ ఆట పెట్టు" అన్నాడు. ఆట పెట్టకముందు 11.8. గేము తెరవగానే 11.5. రేసు మొదలైంది, 11.3, 11.2. నేను కారు నడుపుతున్నాను కానీ కళ్లు మీటరు మీదే ఉన్నాయి. మలుపులో పోలీసు బండ్లు వచ్చాయి, తెర మీద పొగ, 11.0, 10.9. చీకటి. బీప్.

"కార్డు కాదురా, బ్యాటరీ డౌన్" అన్నాడు. "సెల్ఫ్ కొడితే హెడ్‌లైట్లు డిమ్ అయిపోతాయి చూడు, అదే ఇది."

కంప్యూటర్లో పన్నెండు వోల్టుల లైను అయిదు శాతం కంటే ఎక్కువ అటూ ఇటూ కాకూడదు అని ఆ తర్వాత చదివాను, అంటే 11.4 కంటే కిందికి దిగకూడదు. నాన్నకి ఆ నియమం తెలియదు, కానీ లోడు పడినప్పుడు వోల్టేజీ పడిపోతే తప్పు లోడుది కాదు, ఇచ్చేవాడిది అని ముప్పై ఏళ్లుగా తెలుసు.

ఎస్ఎంపీఎస్ విప్పి చేతిలో పట్టుకున్నాడు. పైకీ కిందికీ ఊపి చూశాడు, మామిడికాయ బరువు చూసినట్టు. "ఇందులో రాగి ఎక్కడుంది? అట్టపెట్టెలా ఉంది" అన్నాడు. మర్నాడు నన్ను కూడా షెడ్డుకి తీసుకెళ్లాడు. బల్ల మీద పెట్టి, దాన్ని బోర్డు లేకుండా ఆన్ చేయాలంటే ఆకుపచ్చ వైరుని నల్ల వైరుతో కలపాలి, అది నేను చెప్పాను, ఆయన చిన్న వైరు ముక్కతో కలిపాడు. ఫ్యాను తిరిగింది. పసుపు, నల్ల వైర్లకి కారు హెడ్‌లైట్ బల్బు తగిలించాడు, పన్నెండు వోల్టుల బల్బు, డిమ్ వైపు 55 వాట్లు. వెలిగింది. మీటరులో 11.5. "ఇప్పటిదాకా నాలుగున్నర ఆంపియర్లు తీసుకున్నాం" అన్నాడు. రెండో బల్బు తగిలించాడు. రెండో బల్బు వెలిగింది కానీ మొదటి దాని వెలుగు కళ్ల ముందే పడిపోయింది. 10.6. ఇంకాసేపటికి వేడి వార్నిష్ వాసన. తీసేశాడు.

రెండు బల్బులు, నూటపది వాట్లు. డబ్బా మీద 450 అని రాసుంది.

నా సిస్టమ్ మొత్తానికి కావాల్సింది కూడా పెద్ద ఏమీ కాదు, లెక్క వేస్తే నూటయాభై దరిదాపుల్లో. ప్రాసెసర్‌కి 65 లోపు, కార్డుకి అరవై దాకా, మిగతావాటికి కాస్త. కార్డుకి విడిగా వైరు లేకపోతే అది కరెంటు తాగదని కాదు, అదే పన్నెండు వోల్టులని బోర్డు ద్వారా తీసుకుంటుంది, అంతే. స్టిక్కర్ మీద వాట్లు కాదు చూడాల్సింది, పన్నెండు వోల్టుల దగ్గర నిజంగా ఎన్ని ఆంపియర్లు ఇస్తుందనేది. పైన చెప్పిన షరతు ఇదే. కార్డుకి డబ్బులు పక్కన పెట్టేముందు ఎస్ఎంపీఎస్‌కి పెట్టండి. ఎవరు అడిగినా ఈ మాట చెప్పకుండా వదల్లేదు నేను.

కొత్తది కొనాలి. నా దగ్గర యాభై రూపాయలున్నాయి. నాన్న షెడ్డు యజమాని దగ్గర రెండు లారీల వైరింగ్‌కి ముందే డబ్బులు తీసుకున్నాడు, గవర్నర్‌పేటలో ఒక షాపుకి ఇద్దరం వెళ్లాం. షాపతను ఇది 500 వాట్స్, ఇది 600 వాట్స్ అని చూపిస్తున్నాడు. నాన్న అడిగింది ఒక్కటే, "పన్నెండు మీద ఎన్ని ఆంపియర్లండీ?" అతనికి తెలియదు, డబ్బాలు తిప్పి స్టిక్కర్లు చదివాడు. కోర్సెయిర్ వీఎక్స్ 450 అనేదాని మీద 33 అని ఉంది. దాని ధర 3,600. అది కూడా 450 వాట్లే. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసి "ఇదీ" అన్నాడు. నేను వద్దన్నాను, తక్కువలో ఇంకోటి ఉంది కదా అన్నాను. బండికి అన్నీ సెకండ్ హ్యాండ్‌వి వేసుకో, బ్యాటరీ మాత్రం వేసుకోకు అన్నాడు.

బిగించాక మళ్లీ పీట వేసుకుని, సూదులు గుచ్చుకుని కూర్చున్నాడు. 12.1. రేసు మొదలుపెట్టాను. 12.1. పోలీసులు, పొగ, గుద్దుకోవడాలు, 12.0 కి వచ్చి మళ్లీ 12.1. ఒక రేసు అంతా అయిపోయింది. నేను గేము ఆడుతుండగా నాన్న మొదటి నుంచి చివరిదాకా పక్కన కూర్చున్నది ఆ ఒక్కసారే, అప్పుడు కూడా స్క్రీన్ వైపు చూడలేదు, మీటరు వంకే చూస్తూ కూర్చున్నాడు. అయ్యాక సూదులు తీసి, వైరు మడిచి, "ఇక ఆడుకో" అని లేచి వెళ్లాడు.

ఆ అక్టోబరులోనే కృష్ణ పొంగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిన వరద, మా వైపు వాళ్లెవరూ మర్చిపోరు. ఆటోలో మైకు పెట్టి ఖాళీ చేయమని చెప్తూ తిరిగారు. అమ్మ బియ్యం, సర్టిఫికెట్లు, దేవుడి మందసం సర్దుతోంది, నేను క్యాబినెట్ పట్టుకుని నిలబడ్డాను. దాన్ని తీసుకెళ్దాం అని అడగడానికి నోరు రాలేదు, బట్టలకే చోటు లేదు. నాన్న షెడ్డు నుంచి లారీ టార్పాలిన్ ముక్క తెచ్చాడు, నా చేతిలోంచి తీసుకుని దాన్ని చుట్టి తాడు కట్టి టీవీఎస్ ముందు, తన కాళ్ల మధ్య పెట్టుకున్నాడు. నేనూ అమ్మా నడిచి రోడ్డెక్కాం. మానిటర్ మోయలేక బీరువా మీద పెట్టి వచ్చేశాం. పటమటలో పిన్ని వాళ్లింట్లో ఐదు రోజులున్నాం. తిరిగి వచ్చేసరికి ఇంట్లో మోకాలి ఎత్తున గోడల మీద బురద గీత, మంచం కింద ఒండ్రు, మానిటర్ మాత్రం బీరువా మీద పొడిగా ఉంది. కడగడానికి, ఎండబెట్టడానికి పది రోజులు పట్టింది. సిస్టమ్ పెట్టే ముందు నాన్న గోడ సాకెట్లో ఎర్తు ఉందో లేదో చూసి, లేకపోతే కొత్తగా వేసి, ఆ తర్వాతే ప్లగ్గు పెట్టనిచ్చాడు. ఇప్పుడక్కడ ఏటి ఒడ్డున పెద్ద గోడ కట్టారు.

ఆ సిస్టమ్ మీదే డిగ్రీ అయింది, ఎంసీఏ అయింది, ప్రాజెక్టు అయింది. గేములు కూడా కడుపునిండా ఆడాను. 2013లో కార్డు నెట్ సెంటర్ అన్న వాళ్ల అబ్బాయికిచ్చాను, బోర్డు ఒక పిడుగు వానకి పోయింది, వీఎక్స్ 450 మాత్రం తర్వాతి సిస్టమ్‌లో ఇంకో నాలుగేళ్లు పనిచేసింది. రబ్బరు బీడింగ్ ఉన్న ఆ డోరు మా అటక మీద ఉంది.

పాత ఎస్ఎంపీఎస్‌ని నేను పాత సామానుకి వేసేద్దామనుకున్నాను, నాన్న ఇవ్వలేదు. దాన్ని షెడ్డులో బల్ల పక్కన గోడకి మేకు కొట్టి వేలాడదీశాడు. ఇండికేటర్ బల్బులకి, హారన్ రిలేలకి, టేప్ రికార్డర్లకి పన్నెండు వోల్టులు చాలు, నాలుగు ఆంపియర్లు కూడా అక్కర్లేదు, వాటిని బండిలో బిగించే ముందు దాని మీద పెట్టి చూసుకునేవాడు. పక్క షెడ్ల వాళ్లు కూడా వచ్చి చూసుకునేవాళ్లు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు షెడ్డుకి వెళ్లాను. నాన్న ఇప్పుడు పని మానేశాడు, ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రాడు చూసుకుంటున్నాడు. మేకు అక్కడే ఉంది, డబ్బా దానికే వేలాడుతోంది, 450 అన్న స్టిక్కర్ మీద గ్రీజు పేరుకుని అంకెలు కనపడట్లేదు. ఆకుపచ్చ వైరు, నల్ల వైరు మెలితిప్పి టేపు చుట్టిన ముడి అలాగే ఉంది. కుర్రాడు దాని పసుపు, నల్ల వైర్లకి ఒక ఇండికేటర్ బల్బు తగిలించి, వెలిగిందో లేదో చూసి, పక్కన పెట్టి, ఇంకోటి అందుకున్నాడు.